ఎడమ కంటి చూపు పోయిన తమ్ముడు: రోజువారీ పనుల్లో మీ అనుభవాలు చెప్పగలరు

బేతంచెర్ల అక్క:

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఇక్కడి నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో కోత యంత్రం దగ్గర పనిచేసేవాడు. వేసవిలో రాతి పెచ్చు ఎగిరి వచ్చి ఎడమ కంట్లో గుచ్చుకుంది. కర్నూలులో ఒకసారి, హైదరాబాదులో ఒకసారి ఆపరేషన్ జరిగింది. కనుగుడ్డు నిలిచింది కానీ చూపు తిరిగి రాలేదు. వెలుతురు ఉందో లేదో మాత్రం తెలుస్తుందని అంటాడు. కుడి కన్ను పూర్తిగా బాగుంది.

ఆసుపత్రిలోని వాళ్లూ, పలకరించడానికి వచ్చిన బంధువులూ చెప్పిన మాట ఒక్కటే: "రెండో కన్ను బాగుంది కదా, ఏ లోటూ ఉండదు." మంచి మనసుతోనే అన్నారు. అయితే ఇంట్లో మేము చూస్తున్నది వేరు. చెంబుతో గ్లాసులోకి నీళ్లు వంచితే సగం బండల మీద పోతున్నాయి. మిద్దె దిగేటప్పుడు మెట్లు అయిపోయాయనుకుని చివరి మెట్టు దగ్గర తూలిపోతున్నాడు. ఎడమవైపు నుంచి మా చిన్నది పరుగెత్తుకొస్తే ఉలిక్కిపడి, ఆ వెంటనే దాని మీద కేకలేస్తున్నాడు. ఇదివరకు ఎవరి మీదా గొంతు పెంచిన పిల్లవాడు కాదు. బజారుకు రమ్మంటే తలనొప్పి అని పడుకుంటాడు.

ఒక కంటితో ఏళ్ల తరబడి బతుకుతున్నవారు ఇక్కడ ఉంటే, ఈ పనులు మళ్లీ ఎలా చేతికి వచ్చాయో చెప్పండి. పని అంతా ఒక్క కన్నే చేస్తోంది కనుక అది కూడా అరిగిపోతుందేమోనని మా అమ్మ వాడిని ఫోను చూడనివ్వడం లేదు, దినపత్రిక చదవనివ్వడం లేదు. అందులో నిజం ఉందా?

అనంతపురం గృహిణి:

అమ్మా, నాది కుడి కన్ను. కంటి వెనుక రక్తనాళం పూడుకుపోవడం వల్ల మధ్య చూపు పోయింది, అంచుల్లో మసకగా కొంచెం మిగిలింది. నీళ్లు బండల మీద పోవడం, మెట్టు దగ్గర తూలడం, ఇవన్నీ నేనూ పడ్డాను. ఇప్పుడు పదిమందికి వంట చేస్తున్నాను కనుక ధైర్యంగా రాస్తున్నాను.

నీళ్లు వంచేటప్పుడు చెంబు మూతి గ్లాసు అంచుకు ఆనాలి. గాల్లో నుంచి ఎత్తి పోయడం అనే అలవాటును పూర్తిగా మానుకోవాలి. ఆనిన చప్పుడు చెవికి వినిపించాక, లేదా ఆనినట్టు వేలికి తెలిశాక మాత్రమే వంచాలి. స్టీలు గ్లాసులో నీళ్లు ఎంతవరకు వచ్చాయో కంటికి తెలియదు, అయితే గ్లాసు నిండే కొద్దీ చప్పుడు సన్నబడుతుంది, అది కొద్ది రోజుల్లోనే పట్టుబడుతుంది. వేడి టీ అయితే తెల్ల పింగాణీ కప్పులో పోసుకోమనండి, పాలూ మజ్జిగా అయితే ముదురు రంగు పాత్రలో పోసుకోమనండి. రంగుల తేడా ఉన్నచోట ఒక కన్ను చాలినంత పని చేస్తుంది.

సూదిలో దారం ఎక్కించడం దగ్గర నేను చాలాసార్లు ఏడ్చాను. రెండు చేతులూ విడివిడిగా గాల్లో ఉంటే ఒక కంటికి ఆ దూరం అందదు. సూది పట్టుకున్న ఎడమ చేతి మణికట్టును, దారం పట్టుకున్న కుడి చేతి మణికట్టును ఒకదానికొకటి ఆనించి, రెండింటినీ ఒడిలో పెట్టుకున్న తెల్లటి గుడ్డ మీద నిలపాలి. దారం కొసను తడిపి, ముందుగా దానితో సూది బెజ్జం పక్కన లోహాన్ని తాకాలి. ఆ తాకిడి తెలిసిందంటే దూరం కొలత దొరికినట్టే, ఇక దారాన్ని పక్కకు జరపడమే మిగులుతుంది. ఇది కుట్టుపనికే కాదు. తాళం రంధ్రంలో తాళంచెవి పెట్టడానికీ, ఫోనుకు చార్జరు తగిలించడానికీ, పొయ్యి మీద గిన్నె దించడానికీ ఇదే పద్ధతి: ముందు తాకాలి, తరువాత జరపాలి.

తిరగమాత వేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. దూరం సరిగ్గా తెలియని మనిషి తెలియకుండానే బాణలి మీదికి వంగుతుంది. ఆవాలు చిటపటమనేది అప్పుడే. నేను కళ్లద్దాలు పెట్టుకోకుండా పొయ్యి దగ్గరకు వెళ్లను, చేతిలో మూత లేకుండా ఆవాలు వేయను.

ఇక మెట్ల సంగతి. మన ఇళ్లలో మెట్లకూ, కింద నేలకూ అదే నల్ల కడప బండ వేస్తారు. రెండు కళ్లున్నవారికే సాయంత్రం పూట అంచు కనిపించదు. ప్రతి మెట్టు అంచునా రెండు వేళ్ల వెడల్పున పసుపు పెయింటు గీత వేయించండి, మొదటి మెట్టుకూ చివరి మెట్టుకూ తప్పకుండా వేయించండి. పసుపు రాసిన గడపను నేను ఏనాడూ తన్నుకోలేదు, రాయని గడపలకే కాలి వేళ్లు కొట్టుకున్నాయి.

కర్నూలు నేత్ర సహాయకుడు:

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. పై పోస్టులో రాసినవి మేము రోగులకు చెప్పే మాటలే, ఆమె ఇంకా బాగా చెప్పారు. అవి ఎందుకు పనిచేస్తాయో చెబితే మీ తమ్ముడికి నమ్మకం కలుగుతుంది.

ఒక కన్ను పోతే రెండు విషయాలు తగ్గుతాయి. మొదటిది, పక్కచూపు. మీ తమ్ముడి కుడి కంటికి కుడివైపు 90 డిగ్రీలు దాటి కనిపిస్తుంది, ఎడమవైపు మాత్రం ముక్కు అడ్డం రావడంతో సుమారు 60 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మీ పాప ఆ ఆగిపోయిన భాగంలో నుంచి వస్తోంది కనుక, అతని దృష్టిలో ఆమె ఉన్నట్టుండి గాల్లో నుంచి ఊడిపడుతోంది. ఉలికిపాటుకూ కోపానికీ కారణం అదే, మనిషి స్వభావం మారిపోయిందని అనుకోకండి. పిల్లలకు "ఎడమవైపు నుంచి వచ్చేటప్పుడు మామా అని పిలుస్తూ రావాలి" అని నేర్పండి. అతను తలనూ మెడనూ ఎడమవైపు బాగా తిప్పి చూడడం అలవాటు చేసుకోవాలి. మొదట్లో మెడ నొప్పి పెడుతుంది, తలనొప్పికి కూడా అది ఒక కారణం కావచ్చు.

రెండవది, లోతు. మన రెండు కళ్ల మధ్య సుమారు 6 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది కనుక, ఒకే వస్తువును అవి కొంచెం తేడాతో చూస్తాయి, ఆ తేడా నుంచి మెదడు దూరాన్ని లెక్క కడుతుంది. చేతికి అందేంత దూరంలోని పనులకు ఈ లెక్క చాలా ముఖ్యం. దూరంగా ఉన్నవాటికి దాని అవసరం తక్కువ. అందువల్లనే మీ తమ్ముడికి వీధి చివర ఉన్న గుడి ఎంత దూరమో తెలుస్తుంది, చేతిలోని గ్లాసు ఎంత దూరమో తెలియదు.

అయితే లోతు తెలుసుకునే దారి అదొక్కటే కాదు. కర్నూలు నుంచి అనంతపురం వెళ్లే బస్సులో కిటికీ దగ్గర కూర్చుంటే దగ్గరి తుమ్మచెట్లు వేగంగా వెనక్కు పోతాయి, దూరపు కొండలు మెల్లగా కదులుతాయి. ఒక కన్ను మూసుకున్నా ఈ తేడా తెలుస్తుంది. అలాగే ఏ వస్తువునైనా అందుకునే ముందు తలను కొంచెం అటూ ఇటూ కదిపితే, దగ్గరిది ఎక్కువగా జరుగుతుంది, దూరానిది తక్కువగా జరుగుతుంది. నీడలు, ఒకదాని వెనుక ఒకటి దాగడం, తెలిసిన వస్తువు చిన్నగానో పెద్దగానో కనిపించడం, ఇవన్నీ కూడా మెదడు వాడుకునే ఆనవాళ్లే. కొన్ని నెలల్లో ఈ పని అతని ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. ఏడాది గడిచేసరికి చాలామంది ఆ తేడాను గమనించడం కూడా మానేస్తారు.

మీ అమ్మగారికి గట్టిగా చెప్పండి: వాడడం వల్ల కన్ను అరగదు. చదివినందువల్ల, ఫోను చూసినందువల్ల మిగిలిన కన్ను పాడవదు. కళ్లు పొడిబారితే మంట పుడుతుంది, కొంచెంసేపు ఆపి రెప్పలాడిస్తే సరిపోతుంది. చదువు మాన్పించడం వల్ల అతనికి మిగిలేది దిగులే.

ఆదోని రైతు:

నమస్కారం. మా ప్రాంతంలో కంటికి దెబ్బ తగిలితే నందివర్ధనం పూల రసం పిండుతారు, చంటిబిడ్డ తల్లి పాలు కూడా వేస్తారు. పత్తి చేలో పుల్ల గుచ్చుకున్నప్పుడు మా నాయనకు అలాగే చేశారు, తగ్గింది. మందులు పనిచేయని చోట పెద్దల మందు ఒకసారి చూస్తే తప్పేముంది?

కర్నూలు నేత్ర సహాయకుడు:

అన్నా, మీ నాయనగారికి తగ్గడం మంచిదే. అది పైపై గీత అయి ఉంటుంది, అలాంటివి తమంతట తామే మానుతాయి. కానీ చేలో పుల్ల, వరి ఆకు, జొన్న ఆకు గీసుకున్న కంట్లోకి బూజు జాతి క్రిములు చేరి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. మా దగ్గరకు వచ్చే రైతు కూలీల్లో ఇది తరచూ చూస్తాము. అటువంటి కంట్లో పసరు గానీ పాలు గానీ వేస్తే పుండు ముదురుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టిరాయిడ్ చుక్కలు ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఎరుపు తగ్గి బాగైనట్టు కనిపిస్తుంది, లోపల క్రిమి పెరుగుతూ ఉంటుంది. అగ్గిపుల్లతోనో, నాలుకతోనో కంట్లో నలుసు తీసేవాళ్ల దగ్గరకు కూడా వెళ్లవద్దు. రెండు కళ్లున్నవారికే ఇది పనికిరాదు, ఒక్క కన్నే ఉన్న మనిషి విషయంలో ఆలోచనే వద్దు.

అక్కగారికి ఒక ముఖ్యమైన మాట. కనుగుడ్డును చీల్చుకుని పోయిన గాయాల తరువాత, చాలా అరుదుగా, శరీరం తన కంటి పొర మీద తానే తిరగబడి బాగున్న కన్నులో కూడా వాపు తెస్తుంది. వచ్చినవారిలో చాలామందికి మొదటి ఏడాదిలోపే వస్తుంది, కొందరికి ఏళ్ల తరువాత కూడా రావచ్చు. లూయీ బ్రెయిలీ మూడేళ్ల వయసులో, జీనులు కుట్టే తండ్రి పనిశాలలో ఆరె గుచ్చుకుని ఒక కన్ను పోగొట్టుకున్నాడు, అయిదేళ్ల వయసుకు రెండోదీ పోయింది. అది ఈ జబ్బే అయి ఉంటుందని వైద్యులు భావిస్తారు. ఆనాడు దానికి మందు లేదు, ఈనాడు ఉంది, కాకపోతే త్వరగా రావాలి. కుడి కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, దగ్గరి అక్షరాలు మసకబారినా ఒక్కరోజు కూడా ఆగకండి. మెరుపులు, కొత్తగా నల్లచుక్కలు, పక్క నుంచి తెర దిగినట్టు నీడ కనిపిస్తే అది లోపలి పొర ఊడుతున్న గుర్తు, దానికీ అంతే తొందర.

భయపెట్టడానికి ఇది రాయలేదు. మిగిలిన కన్నును కాపాడుకునే మార్గాలు చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి. పవరు అవసరం లేకపోయినా పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) అద్దాలతో, పక్కలు కూడా కప్పే ఫ్రేముతో కళ్లద్దాలు చేయించి పొద్దున లేచింది మొదలు పెట్టుకోమనండి. మామూలు గాజు అద్దం పగిలి కంట్లోకే పోతుంది, పాలికార్బొనేట్ దెబ్బను తట్టుకుంటుంది.

కడప విశ్రాంత ఉపాధ్యాయుడు:

నాకు పుట్టుకతో మెల్లకన్ను. ఎడమ కన్ను లోపల ఏ జబ్బూ లేదు, కానీ చిన్నతనంలో దాన్ని మెదడు వాడుకోకపోవడం వల్ల చూపు స్థిరపడలేదు. ఏడెనిమిదేళ్ల లోపు గుర్తించి, బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేస్తే నాలాంటివారిలో చాలామందికి చూపు వస్తుంది. నా చిన్నతనంలో బడిలో కళ్లు పరీక్షించే ఏర్పాటు లేదు. 2019 అక్టోబరు 10న అనంతపురంలో కంటి వెలుగు కార్యక్రమం మొదలై, ముందుగా బడి పిల్లలకే పరీక్షలు చేస్తారని విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇళ్లలో చిన్నపిల్లలున్న వారందరూ ఒక్కొక్క కన్ను మూసి, రెండో కంటితో గోడ మీది క్యాలెండరు చదివించి చూడండి. రెండూ తెరిచి ఉంటే బలహీనమైన కన్ను సంగతి పిల్లవాడికే తెలియదు.

తమ్ముడికి నేను చెప్పదలచుకున్నది మనుషుల మధ్య మెలగడం గురించి. నడిచేటప్పుడు తోడు వచ్చేవారిని చూపు లేని వైపు ఉంచుకోవాలి. అప్పుడు ఆ వైపు నుంచి వచ్చే గేదె, ఆటో, తెరుచుకున్న కారు తలుపు, అన్నిటినీ తోడున్నవారు చూసుకుంటారు. ఒంటరిగా నడిచేటప్పుడు ఆ వైపు గోడ ఉండేలా చూసుకోవచ్చు. పంక్తి భోజనంలో ఎడమ చివర కూర్చోవాలి, అందరూ కుడి కంటి ముందుంటారు. వడ్డించేవారు ఎడమ పక్క నుంచి వేడి చారుతో వంగితే మన చేయి తగిలి ఒలికే ప్రమాదం ఉంటుంది కనుక, "ఎదురుగా వచ్చి వడ్డించు నాయనా" అని ముందే చెప్పడం మేలు. నేను తరగతి గదిలో, పిల్లల వైపు తిరిగితే నాకు ఎడమ పక్కన ఉండే నల్లబల్ల మూలన నిలబడి పాఠం చెప్పేవాణ్ణి, అక్కడి నుంచి గది మొత్తం నా కుడి కంటికి అందేది. ఎవరైనా కరచాలనానికి చేయి చాపితే నేను నా చేయి ముందుకు పెట్టి నిలిపి ఉంచుతాను, దూరం కొలిచే పని వారికి వదిలేస్తాను. అంగడిలో చిల్లర కూడా అంతే, నా అరచేయి చాపితే వారే వేస్తారు.

బడిలో నన్ను శుక్రాచార్యుడని పిలిచేవారు. పొద్దున్నే ఎదురుపడితే అపశకునమని కొందరు పక్కకు తప్పుకునేవారు. ఈ మాటలు మీ తమ్ముడి చెవిన కూడా పడే ఉంటాయి, గడప దాటకపోవడానికి తలనొప్పి కంటే అదే పెద్ద కారణం కావచ్చు. నా దగ్గర చదువుకున్న పిల్లలకు నేను మొదటిరోజే చెప్పేవాణ్ణి: నా ఎడమ కంటికి కనిపించదు, ఆ వైపు నుంచి చేయి ఎత్తితే పేరు చెప్పి పిలవండి. అలా చెప్పిన తరగతిలో ఎవరూ ఎగతాళి చేయలేదు.

అతనికి క్రికెట్ ఇష్టమైతే మన్సూర్ అలీఖాన్ పటౌడీ గురించి చెప్పండి. 1961 జూలై 1న ఇంగ్లండులోని హోవ్‌లో జరిగిన కారు ప్రమాదంలో ఆయన కుడి కంటి చూపు దెబ్బతింది. ఆ ఏడాది డిసెంబరులోనే భారత జట్టు తరఫున మొదటి టెస్టు ఆడాడు, మరుసటి ఏడాది 21 ఏళ్ల వయసులో కెప్టెన్ అయ్యాడు. మొత్తం 46 టెస్టుల్లో 2793 పరుగులు, ఆరు సెంచరీలు. తరువాతి కాలంలో మన హైదరాబాదు జట్టుకు కూడా రంజీ ఆడాడు. బంతి రెండుగా కనిపిస్తుంటే టోపీని కుడి కంటి మీదికి లాక్కుని ఆడేవాడు. అందరూ పటౌడీలు కాలేరు, నాకు తెలుసు. ఎగిరి వచ్చే బంతినే కొట్టగలిగిన మెదడు చెంబు మూతిని గ్లాసుకు ఆనించడం నేర్చుకోలేదా అన్నదే నా మాట.

ధర్మవరం నేతగాడు:

పెద్దాయన చెప్పినవి మంచి మాటలే, కానీ ఒక్కదానితో నేను ఏకీభవించలేను. ఉపాధ్యాయుడు చెబితే పిల్లలు వింటారు. కూలి చేసేవాడు "నాకు ఒక కన్ను లేదు" అని ముందే చెబితే పని ఇచ్చేవాడు వెనక్కు తగ్గుతాడు. నాకు దీపావళి టపాకాయ వల్ల కుడి కన్ను పోయింది. మగ్గం మీద మళ్లీ కూర్చోవడానికి వెళ్లినప్పుడు నేను ఎవరికీ చెప్పలేదు. చీర నేసి చూపించిన తరువాతనే చెప్పాను, అప్పుడు ఎవరూ కాదనలేదు.

పని ఎలా తిరిగి వచ్చిందో చెబుతాను. నాడె (అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే సాధనం) విసరడం, పేక (అడ్డపోగు) కొట్టడం చేతుల పని, దానికి కన్ను అక్కర్లేదు. కష్టమంతా తెగిన పడుగు (నిలువు) పోగును పట్టుకుని ముడి వేయడంలోనే. పట్టు పోగు సన్నం, పక్కనే అదే రంగువి వందల పోగులు ఉంటాయి. రెండు కళ్లతో చూసినప్పుడు తెగిన పోగు పైకి లేచినట్టు కనిపించేది, ఇప్పుడు అన్నీ ఒకే బల్లపరుపుగా కనిపిస్తాయి. అందుకని మగ్గం కింద పడుగుకు విరుద్ధమైన రంగు కాగితం పరుస్తాను, నల్ల పడుగుకు తెల్లది, లేత రంగు పడుగుకు నల్లది. దీపాన్ని నెత్తి మీద నుంచి తీసి పక్కకు మార్చుకున్నాను. పక్క వెలుతురులో పోగుకు నీడ పడుతుంది, ఆ నీడను చూసి ఏ పోగు ఎత్తులో ఉందో తెలుసుకుంటాను. మిగిలినది వేలికొసల పని. మొదట్లో నెమ్మదిగా సాగింది, కూలి తగ్గింది, ఇంట్లో ఇబ్బంది పడ్డాం. ఆ కాలాన్ని దాటడానికి ఇంట్లోవాళ్లు నన్ను తొందరపెట్టకపోవడమే నాకు చేసిన పెద్ద సాయం.

తాడిపత్రి న్యాయవాది:

గాయం పని చేసేచోట జరిగింది కనుక డబ్బు సంగతి కూడా మాట్లాడాలి. మా ఊళ్లోనూ బండల పాలిష్ యూనిట్లు చాలా ఉన్నాయి, ఇలాంటి కేసులు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి, చాలామంది యజమాని ఆసుపత్రి ఖర్చు ఇచ్చాడన్న కృతజ్ఞతతో తమ హక్కును వదిలేస్తారు.

1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం మొదటి షెడ్యూలులో ఇది స్పష్టంగా ఉండేది; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది కనుక, ప్రమాదం తేదీని బట్టి ఏది వర్తిస్తుందో కార్మిక శాఖలో కనుక్కోండి. ఆ షెడ్యూలు ప్రకారం: రెండో కన్ను బాగుండి ఒక కన్నే పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 40 శాతం నష్టం, కనుగుడ్డు రూపు చెడకుండా చూపు మాత్రమే పోతే 30 శాతం, ఒక కంటి చూపు పాక్షికంగా పోతే 10 శాతం. ఈ శాతం, అతని వేతనం, వయసు కలిపి పరిహారం లెక్క కడతారు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు కార్మిక శాఖ అధికారి ముందు దరఖాస్తు పెట్టాలి. అతన్ని కాంట్రాక్టరు పెట్టుకున్నాడని చెప్పినంత మాత్రాన యూనిట్ యజమానికి బాధ్యత తప్పదు. యూనిట్‌కు ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉండి అతని పేరు అందులో ఉంటే, ఈ చట్టం కింద కాక ఈఎస్ఐ కిందనే అడగాలి. ఆసుపత్రిలో చేరిన రోజు చీటీ, ఆపరేషన్ కాగితాలు, జీతం చెల్లించిన ఆధారాలు ఒకచోట భద్రం చేయండి.

అతని బ్యాంకు పాసుపుస్తకం కూడా చూడండి. ఏటా 20 రూపాయలు కోతపడి ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నట్టు. 18 నుంచి 70 ఏళ్ల వారికి వర్తించే ఆ పథకంలో, ప్రమాదం వల్ల ఒక కంటి చూపు తిరిగి రాకుండా పూర్తిగా పోతే లక్ష రూపాయలు వస్తాయి. వెంటనే బ్యాంకును కలవండి. చూపు తిరిగి రాదన్న మాటను వైద్యుడు పత్రంలో స్పష్టంగా రాయాలి.

వికలాంగ ధ్రువపత్రం విషయంలో ఆశ పెంచుకోకుండా ఉండడానికి ముందే చెబుతున్నాను. ఒక కన్ను 6/18 (మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం) లేదా అంతకంటే బాగుండి, రెండోదానికి 3/60 కంటే తక్కువ చూపు ఉంటే 30 శాతం ఇస్తారు. పింఛనుకూ, ఉద్యోగ రిజర్వేషనుకూ 40 శాతం కావాలి. అయినా సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకోవడం మంచిది, పరిహారం కేసులో అది పనికివస్తుంది. ఒక కన్ను పోతే పని పోతుంది, కుటుంబం తలకిందులవుతుంది, అయినా లెక్కలో అది 30 దగ్గరే ఆగిపోతుంది. దీన్ని మార్చాలని అడగవలసిన అవసరం ఉందని నా గట్టి అభిప్రాయం.

బేతంచెర్ల అక్క:

మీ అందరి మాటలూ తమ్ముడి పక్కన కూర్చుని చదివి వినిపించాను. మగ్గం సంగతి మళ్లీ చదవమన్నాడు. మెట్లకు పసుపు గీతలు వాడే వేశాడు. అమ్మ దినపత్రిక ఇచ్చింది.

ఇంకో రెండు సంగతులు అడగాలి. వాడు బండి నడుపుతానంటున్నాడు, నాకు ధైర్యం చాలడం లేదు. రెండోది, ప్రమాదానికి ముందు నుంచే వాడికి సంబంధాలు చూస్తున్నాం. కనుగుడ్డు బాగానే కనిపిస్తుంది కనుక ఇప్పుడే చెప్పవద్దని మా మేనమామ అంటున్నాడు.

ధర్మవరం నేతగాడు:

అక్కా, పని దగ్గర చెప్పకపోవడం వేరు, పెళ్లి వేరు. మగ్గం దగ్గర నా చేతి పనిని చూసి నిర్ణయించుకున్నారు. పెళ్లిలో అవతలి పిల్ల జీవితం ఉంది. పెద్దవాళ్ల ద్వారా కాకుండా, మీ తమ్ముడే ఆ అమ్మాయితో నేరుగా చెప్పేలా చూడండి. నేను అలాగే చెప్పాను.

అనంతపురం గృహిణి:

అవునమ్మా, చెప్పి తీరాలి. తరువాత తెలిస్తే కన్ను గురించి కాదు, దాచినందుకు మనసు విరుగుతుంది. ఒక సంబంధం తప్పిపోయినా పరవాలేదు.

తాడిపత్రి న్యాయవాది:

బండి విషయంలో చట్టం చెప్పేది ఇది. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1లో, పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటును ఒక్కో కంటితో చదవగలరా అని అడుగుతారు. కనీసం అయిదేళ్లు లైసెన్సు ఉండి, ఆ తరువాత ఒక కంటి చూపు పోయినవారికి మాత్రం మినహాయింపు ఉంది. స్టీరింగు వైపు బయట అద్దం ఉన్న, రవాణాకు వాడని తేలికపాటి వాహనానికి వారు ఒక కంటితోనే చదవగలిగితే చాలు. ఆటో, లారీ, బస్సు వంటి రవాణా వాహనాలకు ఈ మినహాయింపు లేదు. ఉన్నది దాచి సంతకం పెట్టవద్దు, రేపు ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట పట్టుకునేది ఆ సంతకాన్నే.

కర్నూలు నేత్ర సహాయకుడు:

నా వైపు నుంచి చెప్పేది: ఇప్పుడే వద్దు. ముందు ఇంట్లో నీళ్లు ఒలకకుండా వంచడం, తూలకుండా మెట్లు దిగడం, రద్దీ బజారులో ఎవరికీ తగలకుండా నడవడం రావాలి. తరువాత సైకిల్, అది కూడా పగలు, తెలిసిన దారిలో. ఎడమవైపు చూపు లేనివారికి అసలు ఇబ్బంది రోడ్డు అంచున నడిచే మనుషులతోనూ, ఎడమవైపు మళ్లేటప్పుడూ వస్తుంది. అద్దం ఒక్కటే చాలదు, గడ్డం భుజానికి ఆనేంతగా తల తిప్పి చూడాలి. ముందున్న వాహనానికి మునుపటి కంటే ఎక్కువ దూరం వదలాలి. రాత్రిపూట ఎదురు లైట్లకు ఉన్న ఒక్క కన్నూ చెదిరితే ఆ క్షణంలో సాయం పట్టడానికి రెండోది లేదు కనుక, చీకటి పడ్డాక నడపకపోవడమే మంచిది.

కోత యంత్రం దగ్గరకు మాత్రం మళ్లీ పంపకండి. అదే యూనిట్‌లో కొలతలు రాయడం, లోడు లెక్క చూడడం వంటి పని అడగండి. అది కూడా కళ్లద్దాలతోనే చేయాలి.

అతన్ని ఇక్కడికి పరీక్షకు తీసుకువచ్చినప్పుడు కుడి కంటి లోపలి పొర చూడడానికి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు. ఆ తరువాత కొన్ని గంటలు దగ్గరివి మసకబారతాయి, ఎండ భరించడం కష్టమవుతుంది. అతనికి ఆ కొన్ని గంటలూ ఆసరాకు రెండో కన్ను లేదు కనుక, నల్లద్దాలు తెచ్చుకోమని చెప్పి, మీలో ఎవరో ఒకరు తప్పకుండా తోడు రండి.